మామగారి టైఫాయిడ్ మాత్రలు చిట్టికి వేయొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాయగడ. పుట్టిల్లు బొబ్బిలి, పెళ్లయినప్పటి నుంచి ఇక్కడే ఉంటున్నాం. మా చిట్టి నాటు కుక్క, ఆడది, మూడేళ్లు. వానలు మొదలైన దగ్గర్నుంచి దానికి పొట్ట కింద, తొడల మధ్య చిన్న చిన్న చీము పొక్కులు వస్తున్నాయి. ఒకటే గోక్కోవడం. మందుల షాపులో చెబితే అజిత్రోమైసిన్ ఇచ్చారు. సగం మాత్ర చొప్పున మూడు రోజులు వేశాను. తగ్గినట్టే తగ్గి పది రోజులకి మళ్లీ వచ్చింది. మా మామగారికి టైఫాయిడ్ వచ్చినప్పటి సెఫిక్సిమ్ మాత్రలు ఇంట్లో మిగిలి ఉంటే, ఈసారి వాటిని సగం సగం చేసి పెరుగన్నంలో పెట్టి ఐదు రోజులు ఇచ్చాను. పొక్కులు తగ్గలేదు సరికదా, విరేచనాలు పట్టుకున్నాయి. తామరేమో అని మావారు ఒక ట్యూబు తెచ్చి రాస్తున్నారు. ఏ యాంటీబయాటిక్ వేస్తే పూర్తిగా పోతుంది? ఎన్ని రోజులు వేయాలి? మామగారికి షుగరు, కాలికి పుండు కూడా ఉంది. చిట్టి ఆయన మంచం పక్కనే పడుకుంటుంది. ఆయనకి అంటుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: అమ్మా, మీరు మాత్ర పేరు అడిగారు. నేను చెప్పను. చిట్టిని చూడకుండా, దాని చీమును మైక్రోస్కోపు కింద పెట్టకుండా నేను చెప్పే పేరుకీ, మందుల షాపులో చెప్పిన పేరుకీ తేడా ఉండదు. మీరు వేసిన రెండు మందులూ ఎందుకు పని చేయలేదో, ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఏం అడగాలో, ఈలోగా ఇంట్లో ఏం చేయాలో వివరంగా రాస్తాను. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ట్యూబు పక్కన పెట్టేయండి. మన దగ్గర తామర ట్యూబు అని అమ్మేవాటిలో చాలావరకు మూడు నాలుగు మందులు కలిపినవే ఉంటాయి. ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు. స్టెరాయిడ్ వల్ల ఎరుపు, దురద రెండు రోజుల్లో తగ్గి మందు బాగా పనిచేస్తోందని అనిపిస్తుంది. లోపల చర్మం పలచబడుతుంది, రోగం ముదురుతుంది. పైగా కుక్క ఊరుకోదు కదా, రాసిందంతా నాకేస్తుంది. సెఫిక్సిమ్ మాత్రలు కూడా ఇంక వేయకండి.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే చిట్టికి వచ్చింది పయోడెర్మా అని మేం పిలిచే చర్మపు ఇన్ఫెక్షన్ కావచ్చు. ఒకసారి దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, పగటి వెలుతురులో పొట్ట కింద చూడండి. ఆవగింజంత పసుపు తల ఉన్న పొక్కులు ఉంటాయి. అవి చితికిపోయిన చోట రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ, దాని అంచున ఎండిన పొలుసు లేచి ఉంటుంది. గుండ్రంగా ఉందని చాలామంది దీన్ని తామర అనుకుంటారు. మీవారు పొరబడ్డారంటే తప్పు పట్టలేం, పైకి అలాగే ఉంటుంది. దీనికి ఎక్కువగా కారణమయ్యే బాక్టీరియా స్టెఫైలోకోకస్ సూడింటర్మీడియస్. ఇది ఎక్కడి నుంచో వచ్చి పడింది కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ముక్కు దగ్గర, నోట్లో, మలద్వారం చుట్టూ మామూలుగానే ఉంటుంది. చర్మం గోళ్లతో చీరుకుపోయి, తడిసి, పదును తప్పినప్పుడు అది లోపలికి దిగుతుంది.

ఇప్పుడు మీ మామగారి మాత్రల సంగతి. సెఫిక్సిమ్ టైఫాయిడ్‌కి వాడేదే, ఆ రోగానికి మంచి మందే. కానీ స్టెఫైలోకోకస్ జాతి మీద దాని ప్రభావం చాలా తక్కువ. అంటే చిట్టి చర్మం మీదున్న శత్రువుకి ఆ మందు దాదాపు తగలనే లేదు. తగిలింది ఎవరికంటే, దాని పేగుల్లో ఉండి అరుగుదలకి సాయం చేసే మంచి బాక్టీరియాకి. విరేచనాలు అందుకే పట్టుకుని ఉండొచ్చు. అజిత్రోమైసిన్ కూడా ఈ రోగానికి మేం ముందుగా ఎంచుకునేది కాదు. పైగా చర్మపు ఇన్ఫెక్షన్‌కి మూడు రోజులు ఏ మూలకీ చాలవు. బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, గట్టివి మిగిలి, పది రోజుల్లో అవే పెరిగి మళ్లీ పొక్కులై ఉండొచ్చు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి ప్రసంగంలోనే ఈ మాట చెప్పారు: చాలీచాలని మోతాదులో మందు వాడితే సూక్ష్మజీవి చావదు, ఆ మందుని తట్టుకోవడం నేర్చుకుంటుంది అని.

ఇంకొక సంగతి. సెఫిక్సిమ్ మన దేశంలో హెచ్1 షెడ్యూల్‌లో ఉన్న మందు. 2014 మార్చి నుంచి ఆ షెడ్యూల్ అమల్లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ చూసి అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఇంత కట్టడి పెట్టింది మనల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు. ఇలాంటి మందులు పనిచేయకుండా పోతే మనుషులకే వేరే దారి తక్కువ. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉందా, అది డాక్టరు చెప్పకుండా మింగకూడని, మింగించకూడని మందు అని గుర్తు పెట్టుకోండి.

అసలు మాటకి వస్తాను. చీము చుట్టంలాంటిది, దురద ఇంటి మనిషిలాంటిది. చుట్టాన్ని ఎన్నిసార్లు సాగనంపినా, ఇంటి మనిషి పిలుస్తున్నంతకాలం వస్తూనే ఉంటాడు. కుక్కలకి చర్మం మీద చీము దానంతటది రావడం అరుదు. వెనక ఏదో ఒకటి ఉంటుంది. రెక్కల్లేకుండా గెంతే ఫ్లీ పురుగులు కావచ్చు, గోమార్లు కావచ్చు, గజ్జి పురుగు కావచ్చు, దుమ్ముకో తిండికో అలర్జీ కావచ్చు, థైరాయిడ్ తగ్గడం కావచ్చు. చిట్టి ముందు గోక్కోవడం మొదలుపెట్టి తర్వాత పొక్కులు వచ్చాయా, లేక పొక్కులు వచ్చాక గోక్కోవడం మొదలైందా? ఇది మీరు కాక ఎవరూ చెప్పలేరు. బాగా గుర్తు తెచ్చుకుని డాక్టరుకి చెప్పండి. ఇంట్లో మీకెవరికైనా చేతుల మీద, నడుం దగ్గర దురదగా ఉందా అన్నది కూడా చెప్పండి. కుక్క గజ్జి అయితే ఎత్తుకున్నవాళ్లకీ దురద పెడుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన పొరపాటు ఒకటి చెబుతాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒక మాస్టారు ఎనిమిది నెలల కుక్కపిల్లని బస్సులో గోనెసంచి పరిచి తీసుకొచ్చేవారు. ఒళ్లంతా పొక్కులు, మూతి దగ్గర, ముందు కాళ్ల మీద వెంట్రుకలు ఊడి. నేను పది రోజుల యాంటీబయాటిక్ రాశాను. తగ్గింది, మళ్లీ వచ్చింది. మందు మార్చి రాశాను. మళ్లీ అదే. మూడోసారి కూడా మందే మార్చాను గానీ, చర్మాన్ని గీకి చూడలేదు. నాలుగో నెలలో ఒక సీనియరు ఆ పిల్లని చూసి, బ్లేడు మొనకి ఒక బొట్టు నూనె రాసి, చర్మాన్ని నొక్కి పట్టి, కాస్త రక్తం చెమర్చేదాకా గీకి స్లైడు మీద పెట్టారు. మైక్రోస్కోపులో చూడమన్నారు. చుట్టలాగా పొడుగ్గా, తల దగ్గర ఎనిమిది పొట్టి కాళ్లతో కదులుతున్న డెమోడెక్స్ అనే గజ్జి పురుగులు. రెండు నిమిషాల పని. ఆ పని మొదటి రోజే చేసి ఉంటే ఆ పిల్లకి నాలుగు నెలల బాధ ఉండేది కాదు, మాస్టారికి అన్ని ఖర్చులు ఉండేవి కాదు. ఆ రోజు నుంచి నేను చర్మ రోగంతో వచ్చిన ఏ కుక్కనీ గీకి చూడకుండా పంపలేదు. మీరు కూడా ఆసుపత్రిలో మొహమాటపడకుండా, స్కిన్ స్క్రేపింగ్ చేస్తారా సార్ అని అడగండి. మీ ఒడియా డాక్టరుకి కూడా ఆ ఇంగ్లీషు మాట అర్థమవుతుంది.

రెండో పరీక్ష ఇంకా తేలిక. ఒక పొక్కు మీద గాజు స్లైడుని అదిమి, రంగు వేసి చూస్తారు. గుండ్రటి చుక్కల్లాంటి బాక్టీరియా ఉన్నాయా, లేక ఈస్ట్ అనే బూజు జాతి ఉందా తెలిసిపోతుంది. ఈస్ట్ ఉంటే యాంటీబయాటిక్ వేసి లాభం లేదు. చిట్టికి ఇప్పటికే రెండు మందులు పడ్డాయి కాబట్టి మూడో పరీక్ష కూడా కావాలంటాను. కల్చర్, సెన్సిటివిటీ. చీమును దూదిపుల్లతో తీసి లాబ్‌లో పెంచి, ఏ మందుకి చస్తుందో, ఏ మందుకి చావదో చూస్తారు. రిపోర్టుకి కనీసం రెండు మూడు రోజులు పడుతుంది. ఇది ఎందుకంటే, ఈ స్టెఫైలోకోకస్‌లో మొండి రకం ఒకటి ఉంది. దాని మీద సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ లాంటి మామూలుగా రాసే మందులేవీ పనిచేయవు. ఇదివరకు చాలాసార్లు యాంటీబయాటిక్ పడిన కుక్కల్లో దాని అనుమానం ఎక్కువగా పెట్టుకోవాలి. మీ ఊళ్లో ఆ సౌకర్యం దొరక్కపోతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద కూడా ఒకటి ఉంది గానీ, మీకు గరివిడే దగ్గర. బొబ్బిలి పుట్టింటికి వెళ్లినప్పుడు చిట్టిని వెంట తీసుకెళ్లినా సరిపోతుంది.

పరీక్షలయ్యేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. పైపై పొక్కులైతే చాలాసార్లు మాత్రే అక్కర్లేదు, స్నానంతోనే తగ్గుతాయి. ఈ మాట విని చాలామంది నమ్మరు. కుక్కల కోసం అమ్మే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ, రెండు నుంచి నాలుగు శాతం ఉన్నది తెచ్చుకోండి. వారానికి రెండు మూడుసార్లు చేయించాలి. కిటుకంతా షాంపూలో లేదు, సమయంలో ఉంది. ఒళ్లు తడిపి, నురగ పట్టించి, గడియారం చూసుకుని పది నిమిషాలు ఉంచాలి. మనం రెండు నిమిషాలకే కడిగేస్తాం, అందుకే పనిచేయలేదంటాం. ఆ పది నిమిషాలూ పొట్ట కింద మెల్లగా నిమురుతూ మాట్లాడుతుంటే కుక్క నిలబడుతుంది. తర్వాత బాగా కడిగి, కాళ్ల సందులు, తొడల మధ్య తడి లేకుండా తువ్వాలుతో అద్దాలి. మీ రాయగడ వానల్లో ఆరబెట్టడమే సగం వైద్యం. కళ్లలో, చెవుల్లో పడనివ్వకండి. డెట్టాల్ లాంటివి చిక్కగా పూయడం, వేపనూనెలో కర్పూరం కలిపి రాయడం, కిరసనాయిలు పూయడం వద్దు. నాకితే విషమే.

చూశాక డాక్టరు మాత్రలే కావాలంటే, ముందు చిట్టి బరువు చూడండి. మీరు చిట్టిని ఎత్తుకుని కాటా మీద నిలబడండి, తర్వాత మీరొక్కరే నిలబడండి. తేడాయే దాని బరువు. ఎందుకింత పట్టుదల అంటే, ఉదాహరణకి సెఫలెక్సిన్ కుక్కకి కిలో బరువుకి 15 నుంచి 30 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు ఇస్తారు. చిట్టి 16 కిలోలుంటే పూటకి 240 నుంచి 480 మిల్లీగ్రాములు. సగం మాత్ర, పావు మాత్ర అని కంటి అంచనాతో విరిస్తే ఈ లెక్కలో ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. మీరు కొనుక్కోవాలని ఈ అంకెలు రాయలేదు. అంచనా ఎంత తేడా కొడుతుందో చూపించడానికి రాశాను. రోజుకి రెండుసార్లు అంటే టిఫినుకి ఒకటి, మధ్యాహ్నం భోజనానికి ఒకటి కాదు. పొద్దున ఏడుకి ఒకటి, రాత్రి ఏడుకి ఒకటి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి. తర్వాతి పూట దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి మాత్రం వేయొద్దు.

పెరుగన్నం గురించి చెప్పాలి. మనవాళ్లందరూ మాత్రని పెరుగన్నంలోనే దాస్తారు, మీ వైపు అయితే దహి పఖాళలో, అంటే పెరుగు కలిపిన చద్దన్నంలో కూడా. సెఫలెక్సిన్‌కి అదేం అడ్డం కాదు. కానీ గోమారి జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్, ఇంకా ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటివి పాలలో, పెరుగులో ఉన్న కాల్షియంతో అంటుకుపోయి ఒంటికి సరిగా ఎక్కవు. ఆ మందులు రాస్తే ఉడికించిన గుడ్డు ముక్కలోనో, ఉల్లిపాయ వేయకుండా ఉడికించిన చికెన్ ముక్కలోనో పెట్టండి. డాక్సీసైక్లిన్ మింగాక వెనకే నాలుగు ముద్దలు అన్నం, నీళ్లు పోవాలి. గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు చేస్తుంది.

ఎన్ని రోజులు అని అడిగారు. రోగాన్ని బట్టి ఉంటుంది, అన్నిటికీ ఒకే లెక్క లేదు. పైపై పయోడెర్మాకి మామూలుగా రెండు వారాలు ఇచ్చి, ఆపేముందు మళ్లీ చూస్తాం. లోతుగా దిగి పుండ్లు పడితే మూడు వారాలకి చూస్తాం, ఇంకా పొడిగించాల్సి రావచ్చు. ఆడకుక్కలకి అప్పుడప్పుడూ వచ్చే మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కి మూడు నుంచి ఐదు రోజులు చాలు. ఎర్లికియా అనే గోమారి జ్వరానికి డాక్సీసైక్లిన్ 28 రోజులు. కాబట్టి, పక్కింటివాళ్ల కుక్కకి ఐదు రోజుల్లో తగ్గింది కదా అని లెక్క కట్టకండి. పొక్కులు కనబడటం లేదని మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గలేదని మీ అంతట మీరు పొడిగించొద్దు. ఫోన్ చేసి అడగండి. ముఖం వాచినా, దద్దుర్లు లేచినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆ మాత్ర అక్కడితో ఆపి వెంటనే తీసుకెళ్లండి. చిట్టి కడుపుతో ఉందా, దానికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అన్నది డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. కొన్ని మందులు అలాంటప్పుడు పనికిరావు. ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఎదిగే కుక్కపిల్లల కీళ్లలో మెత్తటి ఎముకని దెబ్బతీస్తాయి.

విరేచనాలకి మరో యాంటీబయాటిక్ వేయకండి. మందుల షాపులో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడాజోల్ కలిపిన మాత్ర ఇస్తారు, అలవాటుగా. కుక్కలకి వచ్చే మామూలు విరేచనాలు చాలావరకు రెండు మూడు రోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి. మెత్తటి అన్నం, ఉడికించిన చికెన్ కొద్ది కొద్దిగా పెట్టి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. రక్తం పడినా, వాంతులు కలిసినా, కుక్క నీరసంగా లేవకుండా పడి ఉన్నా ఆగకండి. జ్వరం ఉందేమో అని కూడా చాలామంది రాస్తుంటారు, కాబట్టి ఇది కూడా చెబుతాను. కుక్క ఒళ్లు మనకంటే వెచ్చగానే ఉంటుంది. మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దానికి మామూలే. చెయ్యి పెట్టి చూసి జ్వరమనుకుని పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు. మన ఒంటికి పడేవి దాని కడుపుకీ, కిడ్నీకీ, కాలేయానికీ చేటు చేస్తాయి. పిల్లల సిరప్‌లలో తీపి కోసం జైలిటాల్ ఉండొచ్చు, అది కుక్కకి ప్రాణాంతకం.

ఇక మామగారి సంగతి. చిట్టి చర్మం మీది ఈ రకం బాక్టీరియా మనుషులకి రోగం తెప్పించడం అరుదే. అయినా షుగరు ఉన్న మనిషి, కాలికి తెరిచిన పుండు, పక్కనే చీము ఉన్న కుక్క అంటే నేను కూడా ఊరుకోను. చిట్టికి తగ్గేదాకా మంచం ఇంకో గదిలోకి మార్చండి, లేదా చిట్టి చాపని వరండాలో వేయండి. పుండుకి కట్టు ఎప్పుడూ ఉండాలి. నాకితే పుండు మానుతుందని మన పెద్దవాళ్లు అంటారు. అది అస్సలు జరగనివ్వకండి. చిట్టికి స్నానం చేయించాక, మాత్ర వేశాక సబ్బుతో చేతులు కడుక్కోండి. దాని తువ్వాలు, దుప్పటి విడిగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. మామగారిని చూసే డాక్టరుకి కూడా, ఇంట్లో చర్మపు ఇన్ఫెక్షన్ ఉన్న కుక్క ఉంది అని ఒక మాట చెప్పండి. పుండు తగ్గకపోతే ఆ సమాచారం ఆయనకి ఉపయోగపడుతుంది.

మిగిలిన సెఫిక్సిమ్ మాత్రలు నాగావళిలోకీ, కాలవలోకీ విసిరేయకండి, వీధి కుక్కలు తవ్వే చెత్తకుప్పలో వేయకండి. మీ మందుల షాపులోనో ఆసుపత్రిలోనో తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే స్ట్రిప్పు నుంచి తీసి బూడిదలో కలిపి, గట్టిగా మూతి కట్టిన కవరులో మున్సిపాలిటీ బండికి ఇవ్వండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ ఖాళీ స్ట్రిప్పు, అజిత్రోమైసిన్ స్ట్రిప్పు, ఆ ట్యూబు డబ్బా మూడూ సంచిలో వేసుకెళ్లండి. ఏ తేదీన ఎంత వేశారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వెళ్లేముందు రెండు రోజులు స్నానం చేయించకండి, పొక్కులు పొక్కుల్లాగే ఉంటేనే స్లైడు మీదకి చీము వస్తుంది. రిపోర్టులో ఏ పురుగు, ఏ మందు అని వచ్చిందో నాకు రాయండి.